సెల్లార్‌లో నాదబ్రహ్మ

ఆదివారం పొద్దున్నే అపార్టుమెంటు సెల్లార్‌లో, అద్దాలు బిగించిన కారులో, డ్రైవరు సీట్లో ఓ మనిషి కళ్లు మూసుకుని బిగుసుకుపోయి కనిపిస్తే కంగారుపడి వాచ్‌మన్‌ని కేకెయ్యకండి. ట్యూనింగ్ జరుగుతోంది. ఈ జాతివాళ్లు సెల్లార్‌కి ఒకరైనా ఉంటారు. మా వాటాకొచ్చినవాడు నా తోడల్లుడు.

కారు కొన్న నెలకే కంపెనీ స్పీకర్లు పీకించి కొత్తవి పెట్టించాడు. వాటితో వచ్చిన, పాటని స్పీకర్లకి పంచే క్రాసోవర్ డబ్బాలు అటకెక్కాయి. "అది పాసివ్ అన్నయ్యా! ఒకే గరిటెతో సాంబారూ పెరుగూ వడ్డించినట్టు" అన్నాడు. ఇప్పుడు ప్రతి ట్వీటర్‌కీ, ప్రతి తలుపు స్పీకర్‌కీ విడివిడిగా ఆంప్లిఫయర్ ఛానల్. డిక్కీలో సబ్‌వూఫర్‌కి ఇంకోటి. 80 హెర్ట్జ్‌కి దిగువన సబ్‌వూఫర్ రాజ్యం, అక్కణ్నుంచి 3,000 దాకా తలుపులది, ఆపైన ట్వీటర్లది. ఈ పంపకాల పెద్దమనిషి సీటు కిందున్న డీఎస్పీ. పోలీసాయన కాదు, పాటలు కట్టే ఆయనా కాదు, డిజిటల్ సిగ్నల్ ప్రాసెసర్.

పంపకాలన్నాక పేచీ తప్పదు. మొదటిరోజే వైర్లు తారుమారై, సబ్‌వూఫర్‌కి పోవాల్సిన దరువు ట్వీటర్‌కి పోయింది. టప్పుమంది, అంతే. మర్నాడు కోఠి గుజరాతీ గల్లీకి పరుగు. అప్పట్నుంచీ ఒక్కో ట్వీటర్ మెడలో కెపాసిటర్ తాయెత్తులా వేలాడుతోంది.

తర్వాత మా మరదలి కుట్టుమిషన్ డ్రాయర్లోంచి టేపు మాయమైంది. మావాడి చెవి నుంచి కుడి ట్వీటర్‌కి 70 సెంటీమీటర్లు, ఎడమదానికి 125. ధ్వని మిల్లీసెకనుకి 34 సెంటీమీటర్ల చొప్పున నడుస్తుంది కనుక, కుడిది 1.6 మిల్లీసెకన్లు ఆగి పాడితేనే రెండూ ఒక్కసారి చెవికి చేరతాయి. పెళ్లిళ్లకి తలంబ్రాలు అయ్యాక వచ్చే మనిషి ఈ 1.6 దగ్గర మాత్రం రాజీపడడు.

పరీక్షకి ఘంటసాల పాత పాట. మోనో రికార్డు కదా, రెండు పక్కలా ఒకటే గొంతు. అన్నీ కుదిరితే ఆయన డాష్‌బోర్డు మీద వినాయకుడి పక్కనే నిలబడి పాడాలి. నిజం చెప్పొద్దూ, ఓసారి నన్ను ఆ సీట్లో కూచోబెట్టాడు. చెయ్యి చాపితే అందేంత దగ్గర్లో గొంతు. ఒళ్లు జలదరించింది. ఇంకా పల్లవైనా పూర్తికాలేదు, చేయి చాచి ఆపేశాడు. "అంగుళం కుడికి జరిగాడన్నయ్యా!" మూడేళ్లుగా ఆ కారులో ఘంటసాల చరణం దాకా రాలేదు.

చిక్కంతా ఆ కొలతలు ఒక్క చెవులజతకే కొలిచినవి కావడంలో ఉంది. పక్కసీట్లో మరదలికి అదే పాట ఎడమ తలుపులో ఇరుక్కున్నవాడి మొరలా వినిపిస్తుంది. "నాకూ ఓ సెట్టింగు పెట్టండి" అంటే, "రెండు సీట్లకీ కుదరదు, భౌతికశాస్త్రం ఒప్పుకోదు" అంటాడు. పోనీ తనైనా హాయిగా వింటాడా అంటే, ఏసీ వేస్తే హోరు, అద్దం దించితే ట్రాఫిక్, బండి కదిలితే టైర్ల మోత, మనం మాట్లాడితే మనమే. తల కాస్త తిప్పినా కొలత చెడుతుందని మలుపుల్లో పాట కట్టేస్తాడు, అది మాత్రం మంచిదే.

వచ్చే ఆదివారం అందరం యాదగిరిగుట్ట వెళ్తున్నాం, బస్సులో. కారు ట్యూనింగ్‌లో ఉంది.