కొర్రల స్వామి

మా అన్న కొడుకును ఇంట్లో అందరూ పేరు పెట్టే పిలుస్తారు. నేనొక్కడినే కొర్రల స్వామి అంటాను. ఇల్లు హిందూపురం, ఉద్యోగం పెనుకొండ దగ్గర కార్ల విడిభాగాల కంపెనీలో, వయసు ఇరవై నాలుగు. మీ ఇంట్లోనూ ఇలాంటివాడు ఒకడు ఉండే ఉంటాడు. కంచం ముందు కూర్చుంటే చాలు, వాడికి భూగోళం గుర్తొస్తుంది.

"చిన్నాయనా, కిలో బియ్యం పండాలంటే దాదాపు 2,500 లీటర్ల నీళ్లు కావాలంట. నీళ్లు నిలిచిన మడిలో గాలాడక మీథేన్ పుడతాది. దాంతోనూ ఎండలు ముదిరేది."

చెప్పింది అబద్ధం కాదు. సగటున దాదాపు 550 మిల్లీమీటర్ల వాన పడే ప్రాంతం మాది. బోరు వేస్తే దుమ్ము లేచే చోట వరి ఎందుకంటే నా దగ్గర జవాబు లేదు. నేను రసం కలుపుకోకముందే అడిగి ఉంటే బాగుండేది.

ఐక్యరాజ్యసమితి 2023ను చిరుధాన్యాల సంవత్సరం అన్నప్పుడు పట్టుకుంది వాడికి ఈ పిచ్చి. ఆ కబురు చెబితే మా అమ్మ, "మరి మిగతా ఏండ్లు ఏం తినమన్యారు?" అంది.

చెన్నేకొత్తపల్లి దగ్గర 1990లో బీడు నేల మీద మొదలైన టింబక్టు కలెక్టివ్, తర్వాత మందులు కొట్టకుండా చిరుధాన్యాలు పండించే రైతులను కూడగట్టింది. మంచి పని. మావాడు ఆ కొర్రల కోసం హిందూపురం నుంచి బండేసుకుని పోతాడు. రెండు కిలోల కొర్రలకు రెండు లీటర్ల పైన పెట్రోలు. లెక్క అడిగితే, "నువ్వు విషయం పక్కదారి పట్టిస్తున్నావు" అంటాడు.

ఇక వాడు రాగి సంగటి తినడం చూసి తీరాలి. అమ్మ తడిచేత్తో ముద్ద చేసి, నడుమ గుంట పెట్టి నెయ్యి వేస్తుంది. వీడు నాలుగు వైపుల నుంచీ ఫోటోలు తీస్తాడు. ఈలోగా ముద్ద ఆరి పైన చెక్కు కడుతుంది. అప్పుడు ఇంత తుంచి, ముప్పై రెండుసార్లు నములుతాడు. సంగటి మింగాలి గానీ నమలకూడదని మా సీమలో పసిపిల్లలకు కూడా తెలుసు.

ధర్మవరం పెళ్లిలో అందరి విస్తళ్లలో ఏం మిగిలిందో చూసుకుంటూ బంతి పొడవునా తిరిగాడు. ఆపైన పట్టుపురుగుల ప్రస్తావన ఎత్తబోయాడు. ధర్మవరంలో, అదీ పట్టుచీరల మధ్య! చటుక్కున వాడి నోట్లో ఓళిగ కుక్కాను. వాడు ఆరు తిన్నాడు. నేను ఎనిమిది.

నిజానికి వాణ్ని అనే హక్కు నాకు లేదు. ఎన్టీ రామారావు గారు హిందూపురం నుంచి గెలిచిన 1985లో నాకు పదహారేళ్లు. రెండు రూపాయల కిలో బియ్యం వచ్చి రెండేళ్లయింది. సంగటి మొరటోళ్ల తిండి, చదువుకున్నోళ్లు అన్నం తింటారని ఇదే అమ్మను ఇదే వంటింట్లో నిలబెట్టి ఉపన్యాసం ఇచ్చాను. పాపం, రాగుల బానను అటకెక్కించింది.

మొన్న వీడు రాగుల గొప్ప చెబుతుంటే అమ్మ అంతా విని, "అప్పుడు మీ చిన్నాయన వద్దన్యాడు, ఇప్పుడు నువ్వు కావాలంటాండావు. కెలికే చెయ్యి మాత్రం నాదే" అని తెడ్డు వాడి చేతికిచ్చి, నన్ను పొయ్యి దగ్గర కూర్చోబెట్టింది.

సంగటి ఉండలు కట్టింది. ఇద్దరం నమిలే తిన్నాం.