గొల్లభామకు కొలువిస్తే

దొంగకూ పోలీసుకూ ఒకే పేరు పెట్టిన ఘనత మన తెలుగువాళ్ళది. ఆకు కొరికే పచ్చ మిడతనూ చాలామంది గొల్లభామే అంటారు, ఆ మిడతను పట్టి నమిలే పురుగునూ గొల్లభామే అంటారు. ఇక్కడి మాటంతా ఆ రెండో భామ గురించి: ముక్కోణపు తల, సాగదీసిన మెడ, దణ్ణం పెడుతున్నట్టు మడిచిన ముందుకాళ్ళు, ఆ కాళ్ళ లోపలి అంచున రంపపు పళ్ళు. గ్రీకులు ఆ వాలకం చూసి సోదె చెప్పేవాడనుకుని 'మాంటిస్' అన్నారు. ఇంగ్లీషువాళ్ళు ప్రార్థన చేసుకుంటోందని అనుకున్నారు. కొంగ జపం సంగతి పుట్టుకతోనే తెలిసిన మనం ఇలాంటి వాటికి మోసపోకూడదు. కానీ విజయవాడలో డాబా మీద నాలుగు గ్రో బ్యాగులు పేర్చి మిద్దెతోట అని పేరు పెట్టుకున్నవారికి ఎప్పుడో ఒకప్పుడు ఈ ఆలోచన రాక మానదు: మందు డబ్బా ముట్టుకోకుండా గొల్లభామల్ని రప్పించి, గుడ్లు పెట్టించి, పిల్లల్ని పెంచి పురుగుల మీదికి తోలేస్తే పోలా? ఉద్దేశం మంచిదే. నా వాదన ఒక్కటే. గొల్లభామను పిలవండి, పీట వేయండి, కొలువు మాత్రం ఇవ్వకండి.

అర్హతల పత్రం చూస్తే ఎవరికైనా కొలువివ్వాలనే అనిపిస్తుంది. తలను వెనక్కి తిప్పి చూడగలదు. దూరాన్ని రెండు కళ్ళతో మనలాగే అంచనా కడుతుంది. ఇంగ్లండులోని న్యూకాజిల్ విశ్వవిద్యాలయం వారు దాని కళ్ళకు బుల్లి త్రీడీ అద్దాలు అంటించి, తెర మీద బొమ్మ పురుగుల్ని ఆడించి మరీ ఈ సంగతిని 2016లో ప్రకటించారు. మన సినిమా హాల్లో టికెట్టు కొంటే ఇచ్చే అద్దాలు దానికి ఊరికే దొరికాయి. గబ్బిలాల కూత పసిగట్టడానికి ఛాతీ కింద ఒక చెవి ఉంది, అదీ ఒక్కటే. ఇన్ని ఉన్న అభ్యర్థికి లేనిదల్లా విచక్షణ. లద్దెపురుగు ఎదురైతే లద్దెపురుగును తింటుంది, నిజమే. సొరపూవు మీద తేనెటీగ వాలితే దాన్నీ తింటుంది, ఆ పూట సొరపిందె లేనట్టే. పేనుబంకను తినడానికి వచ్చిన అక్షింతల పురుగు అడ్డొస్తే దానికీ అక్షింతలు వేస్తుంది. 2017లో వచ్చిన ఒక పరిశీలన గొల్లభామలు పిట్టల్ని పట్టిన ఘటనలు ప్రపంచం మొత్తం మీద 147 లెక్కగట్టింది. అంతకంటే మనకు దగ్గరి సాక్ష్యం కర్ణాటకలోని ఒక మిద్దెతోటది. అక్కడ ఒక మగ గొల్లభామ కొలనులోని గప్పీ చేపల్ని అయిదు రోజుల్లో తొమ్మిది లాగించిందని 2018లో పరిశోధకులు రాశారు. దోమ పిల్లల్ని తింటుందని మనం నీళ్ళ తొట్టెల్లో వేసుకునే చేప అదే. బెజవాడ దోమల గురించి తెలిసినవారికి ఇంతకన్నా చెప్పనక్కర్లేదు.

'ఒక్కటైతే అలాగే చేస్తుంది. వంద పెంచితే పురుగులు మిగులుతాయా?' అని అడగవచ్చు. అడగడం తేలిక, పెంచడమే కష్టం. ఆడ గొల్లభామ కొమ్మకు నురగ అంటించి, అది గట్టిపడ్డాక లోపల గుడ్లు భద్రంగా ఉండేలా చేస్తుంది. పెద్ద జాతులైతే ఆ ఒక్క గూటిలోంచే వందకు పైగా పిల్లలు దిగుతాయి. వాటికి పుట్టగానే ఆకలి, ఎదురుగా అన్నదమ్ములు. అందుకని పెంచేవాళ్ళు ఒక్కోదాన్ని ఒక్కో సీసాలో పెట్టాలి. వంద సీసాలంటే డాబా మీద ఆవకాయ ఫ్యాక్టరీ పెట్టినట్టే. వాటికి మేత బుల్లి పండు ఈగలు. ఆ ఈగలు కావాలంటే మంచి చక్కెరకేళి అరటిపండ్లు కుళ్ళబెట్టాలి. అంటే పురుగుల్ని చంపే పురుగును పెంచడానికి ముందుగా పురుగుల్ని పెంచాలన్నమాట. ఇక పెళ్ళిచూపుల ఘట్టం. కూచిపూడి వారి గొల్లకలాపంలో గొల్లభామ బ్రాహ్మణుడికి పిండోత్పత్తి గురించి పాఠం చెబుతుంది. మన సీసాలోని గొల్లభామ ఆ పాఠాన్ని ప్రయోగంతో సహా చెబుతుంది, కొన్నిసార్లు ప్రయోగం మధ్యలోనే మొగుణ్ణి తినేస్తుంది. ఇన్ని గండాలూ గడిచినా లెక్క కుదరదు. పేనుబంకకు మొగుడితో పని లేదు, గుడ్డుతో పని లేదు. తిన్నగా పిల్లల్నే కంటుంది, వారం పది రోజుల్లో ఆ పిల్లలు తల్లులవుతాయి. గొల్లభామ తరం తిరగడానికి నెలలు పడుతుంది. దొంగలు వారం వారం రెట్టింపయ్యే ఊళ్ళో పోలీసు ట్రైనింగు ఆర్నెల్లయితే ఊరి గతి ఏమిటి?

'అయితే మందే కొట్టమంటారా?' అని తరువాతి ప్రశ్న. కొట్టవద్దనే అంటాను, దానికి సాక్ష్యం ఈ డెల్టా వరిచేలే. వరి పైరును పీల్చే సుడిదోమ పేరు వినని రైతు కృష్ణా కాలువల కింద ఉండడు. చేను మధ్యలో సుడులు సుడులుగా ఎండిపోతే అది దాని సంతకం. ఆ సుడిదోమ గుడ్లు ఆకు తొడుగు లోపల ఉంటాయి, పైన కొట్టిన మందు వాటిని అంతగా తాకదు. చచ్చేది పైన తిరిగే సాలీళ్ళు, ఆ గుడ్లను పీల్చే మిరిడ్ నల్లులు. కొద్ది రోజులకు గుడ్లు పగిలి సుడిదోమ పిల్లలు బయటికొస్తే చేలో కాపలావాడే ఉండడు. ఎలుకల కోసం ఇల్లు తగలబెడితే ఎలుకలు కలుగులో క్షేమంగా ఉన్నట్టు. ఈ సంగతి గ్రహించే ఇండోనేషియా 1986లో వరి మీద 57 రకాల పురుగుమందుల్ని ఒక్క దెబ్బతో నిషేధించింది, పంట కుప్పకూలలేదు. మన రాష్ట్రంలో 2016 నుంచి సాగుతున్న ప్రకృతి వ్యవసాయం రైతులకు చెబుతున్నదీ అదే: గట్ల మీద బంతి, కంది వేయండి, మిత్ర పురుగుల్ని బతకనివ్వండి. ఆ మిత్రుల జాబితాలో పని చేసేవాళ్ళెవరో చూడండి. సాలీడు, అక్షింతల పురుగు, అల్లికరెక్కల పురుగు, శత్రువు గుడ్డులోనే తన గుడ్డు పెట్టే ట్రైకోగ్రామా అనే మిల్లీమీటరు లోపు కందిరీగ. వీళ్ళలో ఒక్కరూ ఫోటోకు పనికిరారు. దణ్ణం పెట్టడం చేతకాదు, త్రీడీ అద్దాలు ఎవరూ ఇవ్వలేదు. ఆఫీసులో పని చేసేవాడు ఒకడు, సన్మానం జరిగేది మరొకడికి అన్న నియమం పురుగుల లోకంలోనూ తప్పలేదు.

'మరి పని చేయనిదానికి పీట దేనికి?' ఇది గట్టి ప్రశ్న. గొల్లభామ తోటకు పోలీసు కాదు, ధ్రువపత్రం. పురుగుల ఆహారపు గొలుసులో పైమెట్టున ఉండే వేటపురుగు అది. కింద తగినన్ని పురుగులు, చుట్టూ గుబురు, గాలిలో విషం లేకపోవడం, ఈ మూడూ కుదిరితేనే అది నెలల తరబడి ఒకచోట బతుకుతుంది. అది కనిపించిందంటే కనిపించని సాలీళ్ళూ నల్లులూ కూడా ఉన్నాయని నమ్మవచ్చు. కాబట్టి దాన్ని రప్పించడానికి చేయవలసినవి చాలావరకు మానేయడాలే. మందు మానండి. కత్తిరింపులప్పుడు కొమ్మకు అంటుకున్న గోధుమరంగు నురగ ముద్దను చీడ అనుకుని గీకేయడం మానండి. రోళ్ళు పగిలే రోహిణీ కార్తెలో డాబాను మాడనివ్వడం మానండి. తులసి, బంతి, మందార కాస్త గుబురుగా పెరిగి నీడనిస్తే చాలు, దీపం వెలుగుకు మగవి రాత్రివేళ వాటంతటవే ఎగిరి వస్తాయి.

ఒక్కటే షరతు. పురుగే లేని తోటలో గొల్లభామ ఉండదు, కనుక గొల్లభామ కావాలన్నవారు ముందు నాలుగు లద్దెపురుగులకు ఒప్పుకోవాలి. కోత కాగానే వరికంకులు కుచ్చులల్లి పిచ్చుకల కోసం చూరుకు వేలాడదీసిన నేల ఇది. రెండు వంగ ఆకులు పురుగులకు వదలడం మనకు కొత్తేమీ కాదు. 'ఆ పిచ్చుకే వచ్చి గొల్లభామను ఎత్తుకుపోతే?' అంటారా? పోనివ్వండి. కొలువే ఇవ్వలేదు కాబట్టి, ఖాళీ భర్తీ చేసే బాధ మనకు లేదు.