మేకున వ్రేలాడు వానకోటు

నీటిని దరిచేరనీయకుండుటయే వృత్తిగా గల నేను నీటిచేతనే నేయబడితినని చెప్పినచో, సూరతు నగరపు నేతగాండ్రు తప్ప తక్కినవారు నవ్వుదురేమో. ఆ నగరమునకు దక్షిణముననున్న సచిన్ పారిశ్రామికవాడలో నాడె యనునదే లేని మగ్గములు కలవు. పడుగు నోరు తెఱచిన ప్రతిమాఱును సూదిమొన వంటి గొట్టమునుండి నీటిధార యొకటి చివ్వున వెడలి, పేకపోగును తనవెంట నీడ్చుకొనిపోయి ఆవలి అంచున దింపును. నూలుపోగు అట్టి మగ్గమునకు పనికిరాదు, నీరు త్రాగి బరువెక్కును. నైలానుపోగునకు ఆ దాహము స్వల్పము. నాది 70 డెనియరు నైలాను, అనగా 9,000 మీటర్ల పోగును త్రాసునందుంచినచో 70 గ్రాములు తూగునన్నమాట. పిమ్మట నా వెలుపలి ముఖమునకు నీటిబొట్టు నిలువక జాఱిపోవునట్టి మందును, లోపలి ముఖమునకు పాలియురిథేను పూతను పట్టించిరి, కత్తిరించి కుట్టిరి, కుట్టినపుడు సూది పొడిచిన వేలకొలది రంధ్రములపై సన్నని పట్టీ నతికి వేడితో మూసిరి. వానకోటు బ్రతుకులో సగము ఆ పట్టీయందే యున్నదని అప్పటికి నేనెఱుగను.

2005వ సంవత్సరము జూను మాసమున, మొదటి జల్లు పడిన మఱునాడు, సహారా దర్వాజా దాపున నొక దుకాణములో నన్ను చేతికెత్తుకొన్నవాడు కరీంనగరు ప్రాంతమునుండి వచ్చిన పద్మశాలి. తెలుగు నేతవారు గుంపుగా నివసించు లింబాయత్ పేటలో కాపురము. ఉధనాలో సాంచెలనబడు మరమగ్గములపై పని. పగలొక వారము, రాత్రి యొక వారముగా 12 గంటల పాళీ. ఇంటికిని సాంచెలకును నడుమ సైకిలు. అంతకుముందతనికొక ప్లాస్టిక్ కోటుండెడిదట. ప్లాస్టిక్కునకు మెత్తదనమిచ్చు ద్రవ్యము నాళ్ళు గడచినకొలది ఎండకు వెడలిపోగా, అది రెండవ యేటనే మడతలవెంబడి అప్పడమువలె విరిగినదట.

"అన్నా, మందంగున్నది తీస్కోరాదే, వాన సొర్రదు" అనెను తోడువచ్చిన పడుచువాడు.

"మందం గాదు తమ్మీ, కుట్టు జూడాలె" అని నా యజమాని నన్ను తిరుగవేసి, కుట్లవెంబడి గోరు నడపి, పట్టీ ఎక్కడనైన లేచినదేమో పరికించెను. బట్టకు నోరానించి గట్టిగా ఊదెను. పూత సరిగా పట్టని చోట ఊపిరి ఆవలికి పోవును గదా. పిమ్మట దుకాణములోని ముక్కాలిపీటపై కూర్చుండి, లేని హేండిలును పట్టుకొన్నట్లు ముందునకు వంగెను. చూచువారు నవ్విరి. కోటు కొనువారందఱును అద్దము ముందు నిటారుగా నిలిచి చూచుకొందురు. సైకిలు త్రొక్కువాడు నిటారుగా నిలుచుట యెప్పుడు? వంగి చేతులు చాచినపుడు కోటు చేతులు మణికట్టును కప్పవలెను, వెనుకభాగము నడుము పైకెగబ్రాకరాదు. ఆ పరీక్షలో నాకు ముందు వచ్చిన రెండు కోట్లును ఓడినవి. ఒకదాని టోపీ అతడు తల త్రిప్పినను తాను తిరుగక నిలిచిపోయెను. అట్టి టోపీ గలవాడు వెనుక వచ్చు లారీని చూడబోయి గుడ్డను చూచును. నేను పసుపువన్నెదానను. నలుపును నీలమును త్రోసివేసి నన్ను గైకొనుటకును ఆ లారీలే కారణము. నాతో జతగా వచ్చిన లాగు విషయము చెప్పనక్కఱలేదు, పదిదినములలోనే దాని కుడికాలును గొలుసు నమలివేసినది.

జులై వచ్చెను. సూరతు జులైని ఎఱుగనివారికి ఎట్లు చెప్పుదును? ఆకాశము దిగివచ్చి మిద్దెల మీద కూర్చుండును. వాన కురియునంతసేపును ఉక్క తగ్గదు. మొదటివారమున ఒకనాడు అతడు ఉధనా చేరి నన్ను విప్పగా, చొక్కా పిండిన నీరు కాఱునట్లుండెను. నాకు తల కొట్టివేసినట్లయ్యెను. "కొత్త కోటుల వాన సొచ్చిందే?" అని పడుచువాడు పరిహసించెను. నా యజమాని నా లోపలి ముఖముపై వ్రేలు రాచి, నాలుకకానించి, "ఉప్పగున్నది. వాన గాదు" అనెను.

ఆ ఒక్కమాటతో నా గర్వమును నా యపరాధమును రెండును తేలిపోయెను. నేను వానను ఆపితిని, చెమటనుగూడ ఆపితిని. సైకిలు త్రొక్కువాని మేనినుండి వెలువడు ఆవిరికి నా పూతలో త్రోవ లేదు, కావున నా లోపలి గోడమీద అది చల్లబడి నీరై అతనిపైననే కురిసినది. 1969లో అమెరికాలో రాబర్ట్ గోర్ అనునతడు టెఫ్లాన్ జాతి ప్లాస్టిక్కు నొకదానిని వేడిచేసి చటుక్కున సాగలాగగా, నీటిబొట్టుకంటె సుమారు 20,000 రెట్లు సూక్ష్మమైన రంధ్రములు గల పొర యేర్పడినది. నీరు దూరలేదు, ఆవిరి దూరగలదు. ఆ పొరతో కుట్టిన కోట్లు నేడు కొండలెక్కువారికి ప్రాణాధారములు. అయినను ఆవిరి తనంత తాను నడవదు. లోపల వేడియు తేమయు హెచ్చుగా, వెలుపల తక్కువగా ఉన్నప్పుడే అది ఆవలికి పోవును. వెలుపలి గాలియే తడిసిన దుప్పటివలె వేడెక్కి వ్రేలాడు సూరతులో పాపము ఆ పొర యేమి చేయును? అది చలిదేశముల విద్య. ఇచ్చట కోటును వరించువాడు బట్టకంటె గాలిత్రోవను ముందు చూడవలెనని నా మతము. నేను కోటునే కావున పక్షపాతమునకు తావులేదు.

మఱుసటి ఆదివారము నన్ను లింబాయత్‌లోని దర్జీకడకు కొనిపోయిరి. నా రెండు చంకలలోను నాలుగేసి తూట్లు పొడిచి ఇత్తడి కళ్ళు బిగించిరి. భుజములకు దిగువ వీపున అడ్డముగా కోసి, ఆ కోతపై చూరువలె మఱియొక గుడ్డను వ్రేలాడదీసిరి. నీటిని ఆపుటకై పుట్టినదానిని నిండు పూతతో ఉండగా తూట్లు పొడిచినచో దానికెట్లుండునో తలపోయుడు! కాని మఱునాడు సైకిలు సాగగనే ముందునుండి వచ్చిన గాలి చంకలలో దూరి, వీపు చూరు క్రిందుగా వెడలిపోవుచుండెను. చూరు క్రిందికి వాన యెగబ్రాకలేదు. చంకలోనికి వాన నేరుగా పడదు. ఆనాడతని చొక్కా భుజములకడ మాత్రమే చెమ్మగిల్లినది.

ఇంటిలో నా ప్రక్క మేకునకు ఒక గొంగడి వ్రేలాడుచుండెడిది. అతని తండ్రిది. దక్కను గొఱ్ఱెల ఉన్నితో కురుమలు నేసి, చింతగింజల గంజి పెట్టి బిగించిన నల్లని గొంగడి. కొప్పెరగా మడిచి తలపై వేసికొన్నచో వాన దానిపై నుండియే జాఱిపోవును, లోపలికి దిగినను ఉన్ని వెచ్చదనమును విడువదు. రాత్రివేళ అది నన్ను చూచి, "నీ లోపల గాలాడదటకదా పిల్లా" అనుచున్నట్లు నాకు తోచెడిది. పెద్దలమాటకు ఎదురాడరాదు కాని, తడిసిన గొంగడి బరువునకు మందవెంట నిలిచిన మనుష్యుడు ఓర్చుకొనునేగాని సైకిలు త్రొక్కువాడు ఓర్వలేడు.

నా పోషణ విషయములో ఆ యింట మొదట జరిగినదంతయు అపచారమే. ఇల్లాలు నన్ను చీరెలతోపాటు సబ్బుపొడి నీళ్ళలో నానబెట్టి, బండమీద కుమ్మి, మెలివేసి పిండెను. ఆ పొడి నా పోగుల నడుమ నిలిచిపోయి నీటిని పిలుచుటకు మొదలిడెను; ముత్యములవలె దొర్లిపోవలసిన బొట్లు మఱకలై పఱచుకొనినవి. లోపలి పూత చెడలేదు, వాన లోనికి రాలేదు. కాని తడిసి బరువెక్కిన వెలుపలి బట్ట చల్లబడి, లోన చెమట మఱింత పేరుకొనినది. ఇంటాయన గుర్తించి, "గట్ల పిండకే, పూత పోతది. ఉత్త నీళ్ళల్ల జాడిచ్చి నీడల ఆరెయ్యి" అని చెప్పెను. ఆపై ఆమె నన్ను చన్నీటిలో పలుమాఱులు జాడించి, బురద పట్టిన చోట మాత్రము మెత్తని గుడ్డతో తుడిచి, నీరు తనంత తాను కాఱువఱకు వ్రేలాడదీసెడిది. బాగుగా ఆఱిన పిమ్మట ఏడాదికొకమాఱు పాతపంచె కప్పి, దానిమీదుగా ఇస్త్రీపెట్టె సన్నని సెగ తగిలించెడిది. ఆ సెగకు వెలుపలి మందు మరల మేల్కొని బొట్లు దొర్లసాగెడివి. మడిచి మంచముక్రింద త్రోయుట మానిరి, ఏలయనగా తడితో మడిచిన కోటునకు బూజు పట్టుటయేకాక, ఏండ్లు గడచినపుడు పూత తేమకు విఱిగి జిగురగును. ఇనుపమేకు త్రుప్పు నా మెడను కఱచినపుడు దానికొక కఱ్ఱముక్క తొడిగిరి. గొంగడికి మాత్రమా మర్యాద కలుగలేదు.

ఒకనాడు నా అంచున గొలుసు మడ్డి అంటగా, నేతశాలలో నెవరో ఉపకారబుద్ధితో థిన్నర్‌తో తుడిచిరి. మడ్డి పోయెను, దానివెంట అరచేయంత పూతయు పోయెను. అప్పుడు పంక్చర్లు వేయువాడే నా వైద్యుడు. పాతగొడుగు గుడ్డముక్కకు ట్యూబులకు పూయు సొల్యూషన్ పూసి నా గాయముపై నతికించెను. ఆ సీసాలోని రబ్బరుద్రావకము మా వంశమూలమని అతనికి తెలియునో లేదో! 1823లో చార్లెస్ మాకింటోష్ అను గ్లాస్గోవాసి, తారునుండి తీసిన నాఫ్తాలో రబ్బరును కరగించి రెండు బట్టల నడుమ పూసి వానకోటు బట్టను సృష్టించినది ఇట్టి ద్రావకముతోనే. ఆ కోట్లు చలికి కఱ్ఱవలె బిగిసి వేసవిలో కంపుకొట్టుచు జిగురగునట్టివి. రబ్బరును గంధకముతో కాచు పద్ధతి తెలిసినపిదపగాని వానికి మనుష్యుల మధ్య తిరుగు యోగ్యత రాలేదు. నాకు పడిన మాసిక మాత్రము తుదివఱకు చెక్కుచెదరలేదు.

2006 ఆగస్టు 7వ తేదీ మొదలు జరిగినది నా పరిధికి మించినది. ఎగువ ఉకాయి ఆనకట్టనుండి దాదాపు 9 లక్షల క్యూసెక్కుల నీటిని విడువగా తాపీనది నగరములో అధికభాగమును ముంచెను. వాన పైనుండి పడునదని నమ్మి కుట్టిన వస్తువును నేను. నీరు క్రిందినుండి వచ్చినపుడు నాకు పనియేమి? సైకిలును ఇనుపగొలుసుతో కిటికీచువ్వకు కట్టిరి. నన్ను అతడు ధరించలేదు. రేషను కార్డును, కూలిడబ్బును, పసిబిడ్డ పాలపొడిని నాలో చుట్టి, నా చేతులతోనే ముడివేసి, డాబాపై చూరునకు వ్రేలాడదీసెను. మూడు దినములు నేను మూటనై యుంటిని. విప్పినపుడు పాలపొడి గడ్డకట్టలేదు. చంకలలోని ఇత్తడికళ్ళను ఇల్లాలు ముందే మైనముతో పూడ్చినదని అప్పుడు గాని ఎవరును గమనింపలేదు.

పిమ్మటి యేండ్లను గూర్చి చెప్పదగినది కొంచెము. లింబాయత్ గర్నాలా యనబడు రైలుకట్ట క్రింది దారిలో మోకాలిలోతు నీరు నిలిచినప్పుడెల్ల అతడు సైకిలును భుజమున నెత్తుకొని దాటెను; ఆ కడ్డీ ఒరిపిడికి నా కుడిభుజపు పట్టీ లేచెను. ఎనిమిదవ వర్షాకాలమున నా లోపలి పూత పొట్టుగా రాలి అతని మెడపై తెల్లని పొడి నింపసాగెను. పూత రాలిన కోటునకు మాసిక లేదు.

ఇప్పుడు మేకునకు క్రొత్త కోటొకటి వ్రేలాడుచున్నది. దానిని దుకాణములో ముక్కాలిపీటపై కూర్చుండి పరీక్షించినవాడు నా యజమాని కుమారుడు. గొంగడి దాని ప్రక్కనే యున్నది, ఏమనుచున్నదో నాకు వినబడదు, ఏలయనగా నేనిప్పుడు వాకిటనున్నాను. నా వీపుగుడ్డ నేతశాలలో కండెల బుట్టపై కప్పు. పట్టీ చెడని నా టోపీని మాత్రము త్రాడు బిగించి సైకిలు సీటునకు తొడిగిరి. రాత్రి పాళీ ముగించి వచ్చి, ఉధనాలో తెల్లవాఱుజామున తడిసి నిలిచిన వందల సైకిళ్ళ నడుమ నా యజమాని నన్ను పసుపువన్నెచేతనే గుర్తుపట్టును. పైనున్న నీటిని అరచేత ఒక్కపెట్టు చఱచి దులిపి, నన్ను తీసి జేబులో దోపుకొని, పొడిసీటుపై కూర్చుండును.