గణాల మామయ్య

మీ ఇంట్లోనూ ఒకరుండే ఉంటారు. పద్యం వినరు, లెక్కపెడతారు. మా పెద్ద మామయ్య తెలుగు పండితుడేం కాదు, ట్రెజరీలో చేసి రిటైరయ్యాడు. అన్నాళ్ళూ బిల్లుల మీదున్న అనుమానం ఇప్పుడు పద్యాల మీదికి బదిలీ అయింది. శుభలేఖ చేతికొస్తే ముహూర్తం చూడడు. పైనున్న పద్యం నెత్తిన పెన్సిలుతో గురువుకో వంపు, లఘువుకో నిలువుగీత పెట్టుకుంటూ పోతాడు.

భోజనాల దగ్గరా అంతే. "జిలేబి జగణం నాయనా! కందంలో బేసి గణంగా రాకూడదు. ఆరో గణమైతే నిక్షేపంలా ఉంటుంది. ఐదు వడ్డించాక పట్టుకురా" అని వడ్డించే కుర్రాణ్ణి వెనక్కి పంపాడు. వాడు మళ్ళీ ఆ వరసకి రాలేదు. మామయ్యకి షుగరు కాబట్టి అత్తయ్య ఛందస్సుకి ఓ దణ్ణం పెట్టుకుంది.

మా చెల్లెలి అప్పగింతలకి నేనో ఆటవెలది రాసి చదివాను. ఆడవాళ్ళంతా కొంగులు కళ్ళకద్దుకుంటున్నారు. మామయ్య మాత్రం వేళ్ళు ముడుస్తున్నాడు. "మూడో పాదం పట్టుచీరతో ఎత్తుకుని నాలుగో గణంలో కన్నీరు పెట్టావేంట్రా? పకారానికీ కకారానికీ యతెక్కడిది? పోనీ ప్రాసయతా అంటే అదీ లేదు." అంతమందిలో!

అన్యాయంగా మాట్లాడకూడదు, ఆయనకి చెవి ఉంది. తర్వాత పక్కకి పిలిచి చెప్పాడు: "ఆటవెలదిలో రెండో పాదం, నాలుగో పాదం మొత్తం సూర్యగణాలే. మూడేసి మాత్రలు, పరుగెడతాయి. ఏడుపుకి అంత పరుగు పనికిరాదు. తేటగీతి అయితే మొదటి సూర్యగణం దాటగానే ఇంద్రగణాలు రెండొస్తాయి, గొంతు కాస్త నిలబడుతుంది." నిజమే. కానీ పెళ్ళివారి బస్సు హారను కొడుతుంటే తేటగీతి ఎక్కణ్ణించి తేను?

ఆ రాత్రి పదకొండింటికి ఫోను. "కుదిరిందిరా! కన్నీరు తీసేసి పన్నీరు పెట్టు. గణం చెడదు, యతి చెల్లుతుంది." చెల్లింది. కాకపోతే కన్నతల్లి కళ్ళ వెంట పన్నీరు కారుతోంది. కరుణరసం కాస్తా ఎదురుకోలు సంబరమైంది.

చెల్లెలు ఆ పద్యానికి ఫ్రేము కట్టించుకుంది, పన్నీరుతోనే. కింద కవులుగా ఇద్దరి పేర్లూ ఉన్నాయి. ముందు మామయ్యది. పెద్దరికం వల్ల కాదట, గణాలు అలా పడ్డాయట.