ప్లగ్గు బాబాయి

ఎవరింటికి వెళ్లినా ప్లగ్గు బాబాయి చూపు ముందు గోడల అడుగున తిరుగుతుంది. ఐదు ఆంపుల సాకెట్ కనిపిస్తే మొహం మామూలుగానే ఉంటుంది. పదిహేను ఆంపులది కనపడిందా, "వదినా, కాఫీ నెమ్మదిగానే పెట్టు, తొందరేం లేదు" అంటాడు.

ఎలక్ట్రిక్ మోటార్‌సైకిల్ కొన్నాక హైదరాబాద్‌లోని చుట్టాలందరి మీదా ఆయనకు ప్రేమ పుట్టుకొచ్చింది. బ్యాటరీ మూడు యూనిట్ల పైచిలుకు. 750 వాట్ల చార్జర్‌తో నిండాలంటే నాలుగు గంటలు దాటుతుంది. కాఫీకి వచ్చినవాడు భోజనం దాకా కదలకపోవడానికి కారణం ఆకలి కాదు, భౌతికశాస్త్రం.

అసలు యుద్ధం అపార్ట్‌మెంట్‌లో. పార్కింగ్‌లో ఉన్న ఒక్క పాయింటూ కామన్ మీటరుది. బండి చార్జింగ్ కరెంటు అమ్మకం కిందికి రాదు, లైసెన్సు అక్కర్లేదని కేంద్ర విద్యుత్ శాఖ 2018 ఏప్రిల్లో ఇచ్చిన వివరణ బాబాయి ఫోన్‌లో ఉంటుంది. ఇంటి కనెక్షన్ మీదే చార్జింగ్ పెట్టుకోవచ్చన్న 2022 జనవరి మార్గదర్శకాలూ ఉంటాయి. అసోసియేషన్ ప్రెసిడెంటు రెండూ ఓపిగ్గా విని, "బాగుందండీ, బిల్లెవరు కడతారు?" అంటాడు. బ్రోచర్లో ఈతకొలను బొమ్మ వేసిన బిల్డరుకు, ఫ్లాటు మీటరు నుంచి పార్కింగ్‌కి ఒక వైరు లాగాలని తోచలేదు. ఈ తగువులో న్యాయం బాబాయిదే.

రోడ్డెక్కితే ఇంకో తంటా. ఏథర్, హీరో విడా బండ్లకు ఒకే ఫాస్ట్ చార్జర్ గన్ను పడుతుంది. ఓలాది వేరు. తేలికపాటి బండ్ల కోసం 2023లో బీఐఎస్ ఒక కనెక్టర్‌కు ప్రమాణం ప్రకటించినా, అందరూ దాని దారికి రాలేదు. "పెట్రోలు బంకులో పైపు ఏనాడైనా కులగోత్రాలు అడిగిందా?" అని బాబాయి ఆవేశపడతాడు.

గన్ను కుదిరిన చోట మాత్రం ఆయనే ఉపన్యాసకుడు. 80 శాతం దాటాక లిథియం బ్యాటరీ కరెంటును మెల్లగా తీసుకుంటుందనీ, అప్పటికీ బండి తీయకపోతే వెనకవాళ్లకు అన్యాయమనీ క్యూలో అందరికీ బోధిస్తాడు. తన వంతు వచ్చాక 100 కనపడేదాకా లేవడు.

మేనకోడలి సంబంధానికి సూర్యాపేట వెళ్లినప్పుడు జీతం, పొలం, అలవాట్లు అన్నీ అక్కయ్యే ఆరా తీసింది. బాబాయి అబ్బాయి తండ్రిని పక్కకు తీసుకెళ్లి గొంతు తగ్గించాడు:

"బావగారూ, మీ వరండా పాయింటుకి ఎర్తింగు ఉందాండీ?"