మాస్కు మాటున గురక

పద్మారావు నగర్‌లో రాత్రిళ్లు నిశ్శబ్దంగా ఉండాలని చట్టమే చెబుతోంది. 2000 నాటి శబ్దకాలుష్య నియమాల ప్రకారం నివాస ప్రాంతాల్లో రాత్రి పది నుంచి పొద్దున ఆరింటిదాకా 45 డెసిబెళ్లు దాటకూడదు. ఆస్పత్రికి నూరు మీటర్ల లోపు అయితే 40. పక్కనే గాంధీ ఆస్పత్రి ఉంది కాబట్టి పేటలో కొన్ని ఇళ్లకు ఆ రెండో లెక్కే వర్తించాలి. గట్టి గురక 60 డెసిబెళ్లు దాటడం వింతేమీ కాదు. నియమాలు రాసినవాళ్లు మైకుల్నీ హారన్లనీ టపాకాయల్నీ తలుచుకున్నారు గానీ, మంచం మీద వెల్లకిలా పడుకున్న పెద్దమనిషిని తలుచుకోలేదు. తలుచుకుని ఉంటే స్కందగిరి గుడి దగ్గర్నుంచి చిలకలగూడ దాకా అపార్టుమెంటుకో నోటీసు అంటించాల్సి వచ్చేది. ఇంకో విచిత్రం ఏమిటంటే, సికింద్రాబాద్ స్టేషన్ రైలుకూతల మధ్య హాయిగా నిద్రపోయే ఇల్లాలికి ముప్ఫయ్యేళ్లు కాపురం చేసినా మొగుడి గురక అలవాటు కాదు. ఆవిడది పలచని నిద్ర అని చుట్టాలందరూ తేల్చేస్తారు. అది కాదు సంగతి. కూత ఆగిందంటే రైలు వెళ్లిపోయిందని అర్థం. గురక ఆగిందంటే మాత్రం మళ్లీ ఊపిరి అందుతుందా లేదా అని చీకట్లో చెవి రిక్కించి వినాలి.

ఆ ఆగడమే అసలు జబ్బు, స్లీప్ ఆప్నియా. నిద్రలో గొంతు కండరాలు వదులైపోయి, నాలుక వెనక్కి జారి, గాలి దారి మూసుకుపోతుంది. ఊపిరి పది సెకన్లో ఇంకా ఎక్కువో నిలిచిపోతుంది. మెదడు ఉలిక్కిపడి మనిషిని సగం లేపుతుంది. ఆయన ఒక్కసారి ఎగశ్వాస తీసుకుని, ఏమీ ఎరగనట్టు మళ్లీ మొదలెడతాడు. పూర్తిగా మూసుకున్నవీ సగం మూసుకున్నవీ కలిపి గంటకు 5 లోపు ఉంటే ఫరవాలేదంటారు. 15 దాటితే మధ్యరకం, 30 దాటితే తీవ్రం. ప్రపంచంలో 30 నుంచి 69 ఏళ్ల మధ్యవాళ్లలో 93 కోట్ల పైచిలుకు మందికి ఎంతో కొంత ఈ బాధ ఉంటుందని 2019లో లాన్సెట్ వారి శ్వాసకోశ వైద్య పత్రిక అంచనా వేసింది. ‘సింహాసనం’, ‘గ్యాంగ్ లీడర్’ పాటలతో మనవాళ్ల చేత గెంతులేయించిన బప్పీ లహరి 2022 ఫిబ్రవరిలో ముంబయిలో పోయినప్పుడు డాక్టర్లు చెప్పిన కారణం ఇదే. కాబట్టి గురక మీద ఎన్ని జోకులైనా వేసుకోవచ్చు గానీ, దాని వెనకాల వచ్చే నిశ్శబ్దం మీద వేసుకోకూడదు.

వాల్మీకి కుంభకర్ణుడి ముక్కుగాలికి రాక్షసులు ఎదురుగా నిలవలేకపోయారు. శంఖాలు ఊదారు, భేరీలు మోగించారు, ఏనుగుల్ని ఒంటిమీద నడిపించారు గానీ, ఆ ముక్కులోకే ఎదురుగాలి కొట్టాలన్న ఆలోచన మాత్రం లంకలో ఎవరికీ రాలేదు. అది 1980లో సిడ్నీలో కాలిన్ సలివన్ అనే డాక్టరుకు వచ్చింది. ఆయన మోటారుతో గాలి తోలి, ముక్కుకు మాస్కు బిగించి, ఆ ఒత్తిడితోనే గొంతు గోడలు ఒకదానికొకటి అతుక్కోకుండా నిలబెట్టాడు. 1981లో లాన్సెట్‌లో అచ్చయిన ఆ ఉపాయమే నేటి సీప్యాప్ మిషన్. సరిగ్గా అదే ఏడాది ఫుజిటా అనే సర్జన్ ఆప్నియాకు ఇంకో దారి ప్రచురించాడు. కొండనాలుకతో సహా అంగిలి వెనక వేలాడే మెత్తటి భాగాన్ని కోసి సరిచేయడం. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందని తరతరాలుగా చెప్పుకుంటున్న జాతికి ఈ రెంటిలో ఏది నచ్చుతుందో వేరే చెప్పక్కర్లేదు. మిషనే నచ్చింది.

మరి మిషన్ వచ్చాక కూడా గురక వినిపిస్తే? అప్పుడు ఇల్లు రెండు పార్టీలవుతుంది. ఒకటి ‘దండగ’ పార్టీ. ఇన్ని వేలు పోసి కొన్నా గుర్రు గుర్రే, ఇంక అటక ఎక్కించండి అంటుంది. రెండోది ‘స్కోరు’ పార్టీ, సాధారణంగా మిషన్ పెట్టుకున్నాయనే దీని అధ్యక్షుడు. ఫోన్లో యాప్ తెరిచి, గంటకు 2 మాత్రమే వచ్చాయి చూడు, నువ్వు విన్నది కల అంటాడు. ఒకరు గురకను చూపి మిషన్‌ను కొట్టేస్తున్నారు, ఇంకొకరు మిషన్‌ను చూపి గురకను కొట్టేస్తున్నారు. ఇద్దరూ చేతికందిన సమాచారాన్ని పారేసుకుంటున్నారన్నది నా వాదన. మిషన్ పెట్టాక వచ్చే గురక, గొంతు ఇంకా పూర్తిగా తెరుచుకోలేదనో గాలి పోవాల్సిన దారిన పోవడం లేదనో చెబుతుంది. ఇది నా సొంత సిద్ధాంతం కాదు. స్లీప్ ల్యాబులో రాత్రంతా కూర్చుని మనిషికి తగిన ఒత్తిడి తేల్చే టెక్నీషియన్ల కోసం అమెరికా నిద్రావైద్యుల అకాడమీ 2008లో పద్ధతి రాసిపెట్టింది. నీటిమట్టం లెక్కన 4 సెంటీమీటర్ల ఒత్తిడితో మొదలుపెట్టాలి, పెద్దవాళ్లకు 20 మించకూడదు. ఊపిరి ఆగకపోయినా సరే, కనీసం మూడు నిమిషాలపాటు గట్టి గురక వినబడితే ఒత్తిడి ఒక మెట్టు పెంచవచ్చు. తీగలన్నీ తలకూ ఛాతీకీ అంటించి ఉన్న ల్యాబులోనే గురకకు అంత విలువ ఇస్తుంటే, పద్మారావు నగర్ పడగ్గదిలో దాన్ని కల కింద కొట్టేయడం ఏం న్యాయం?

స్కోరు పార్టీకి ఒక బలమైన మాట ఉంది. అంకె అబద్ధం చెప్పదు కదా అని. చెప్పదు, కానీ అడిగినదానికే జవాబిస్తుంది. ఆ 2 అన్నది ఊపిరి ఆగినవీ బాగా తగ్గినవీ లెక్కపెడుతుంది. దారి కొంచెం ఇరుకై, అంగిలి అదురుతూ, గాలి మాత్రం సాగిపోతుంటే ఆ లెక్కలోకి ఎక్కదు. పైగా మిషన్ ఉన్నది గొట్టం అవతలి కొసన. ముక్కు మాస్కు పెట్టుకున్న మనిషి నిద్రలో నోరు తెరిస్తే గాలి ముక్కులోంచి వెళ్లి నోట్లోంచి బయటపడుతుంది. గొంతును నిలబెట్టాల్సిన ఒత్తిడి దిండు పాలవుతుంది. మిషన్ అప్పుడు లీకు అని రాస్తుంది. ఆ అంకె స్కోరు కింద ఇంకో వరసలో ఉంటుంది, స్కోరు పార్టీ అంత కిందికి ఎప్పుడూ వెళ్లదు. పక్కనున్న చెవికి ఇంతకంటే వివరంగా తెలుస్తుంది. ఏకధాటి సన్న గురకా, పెరిగి పెరిగి ఠక్కున ఆగేదా, పెదాల మధ్యనుంచి ఫుస్సుమనే గాలా, మాస్కు అంచున వచ్చే ఈలా, ఇవి వేరువేరు సంగతులు. ఈలైతే అది గురకే కాదు. పెరిగి ఆగేదైతే డాక్టరు దగ్గరికి తొందరగా వెళ్లాల్సిన రకం.

కారణాలు వెతికితే చాలావరకు సాంకేతికం కానివే దొరుకుతాయి. మీసం సంగతే తీసుకోండి. సినిమా హీరో తిప్పినా, రిటైరైన రైల్వే గార్డు తిప్పినా మీసానికి మన దగ్గర ఉన్న గౌరవం అంతా ఇంతా కాదు. మాస్కు కుషన్‌కు ఆ గౌరవం లేదు. చర్మానికి అతుక్కోవాల్సిన సిలికాన్ అంచు వెంట్రుకల మీద కూర్చుంటే సందుల్లోంచి గాలి పోతుంది. మీసం తీసేయమని చెప్పే ధైర్యం సికింద్రాబాద్‌లో ఏ డాక్టరుకూ ఉండదు గనక ముక్కురంధ్రాల దగ్గర మాత్రమే ఆనే చిన్న మాస్కు రాసిస్తారు. మొహానికి రాసుకున్న నూనె, క్రీము ఆ కుషన్‌ను జారుస్తాయి, పాడుచేస్తాయి కూడా. రోజూ కడగమని ఇచ్చిన కాగితం డబ్బాలోనే భద్రంగా ఉంటుంది. ఇక ర్యాంప్ అనే సౌకర్యం ఒకటి. నిద్రపట్టేదాకా ఇబ్బంది ఉండకూడదని గాలి తక్కువలో మొదలై ముప్పావుగంట దాకా మెల్లగా పెరిగేట్టు పెట్టుకోవచ్చు. తల ఆనగానే నిద్రలోకి జారిపోయే అదృష్టవంతుడు ఆ ముప్పావుగంటా చాలని ఒత్తిడితో నిద్రపోతాడు, గురక పెడతాడు. నిద్ర పట్టని ఇల్లాలు వినేది సరిగ్గా ఆ ముప్పావుగంటే. ర్యాంప్ తగ్గిస్తే తీరిపోయే ఈ తగవు ఎన్ని ఇళ్లలో విడి గదుల దాకా పోయిందో! వెల్లకిలా పడుకోవడం, జలుబు, దుమ్ముకు మూసుకుపోయిన ముక్కు, శనివారం రాత్రి రెండు పెగ్గులు, నిద్రమాత్ర, స్లీప్ స్టడీ అయ్యాక పెరిగిన ఆరు కిలోలు, ఇవన్నీ మామూలు ముద్దాయిలే. అందులో ఆరు కిలోల ప్రస్తావన వచ్చినప్పుడు మాత్రం మిషన్ తయారీలోనే లోపం ఉందని ఎక్కువమంది నమ్ముతారు.

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది. పక్కనున్నావిడ నిష్పక్షపాత సాక్షి కాదు, పాతికేళ్ల కక్షలన్నీ ఆ వాంగ్మూలంలో కలుస్తాయి అని. ఇందులో కొంత నిజముంది. దీనికి జవాబు మన ఊరి చరిత్రలోనే ఉంది. గాంధీ ఆస్పత్రి స్టేషన్‌లో మెట్రో ఎక్కి ఎంజీబీఎస్‌లో దిగితే అఫ్జల్‌గంజ్ దగ్గరే. అక్కడి ఆస్పత్రిలో ఎడ్వర్డ్ లారీ అనే రెసిడెన్సీ సర్జన్ క్లోరోఫాం మీద ప్రపంచంతో తగువు పడ్డాడు. మత్తు ఇచ్చేటప్పుడు నాడి పట్టుకుని కూర్చోవద్దు, ఊపిరిని గమనించండి, ముందు ఆగేది అదే అన్నది ఆయన పట్టు. దీన్ని తేల్చడానికి 1888లో హైదరాబాదులో వేసిన కమిషన్ ఆయన మాటే నిజమంటే లాన్సెట్ నమ్మలేదు. ఆరో నిజాం వెయ్యి పౌండ్లిచ్చి ఆ పత్రిక తరఫు నిపుణుణ్ణి రప్పించి, 1889లో వందల కొద్దీ జంతువుల మీద, ముఖ్యంగా కుక్కల మీద, మళ్లీ పరీక్షలు చేయించాడు. లారీ గెలిచాననుకున్నాడు. తర్వాత 1911లో లెవీ అనే శాస్త్రవేత్త క్లోరోఫాం నేరుగా గుండెనే ఆపగలదని తేల్చాడు. ఊపిరి చూడమన్నది మంచి సలహాయే, నాడిని వదిలేయమన్నదే తప్పు. యాప్ ఒక్కటే చూసే ఆయనా, చెవిని మాత్రమే నమ్మే ఆవిడా ఇద్దరూ లారీ చేసిన పనే చేస్తున్నారు. ఆవిడ మాట మీద అనుమానమైతే ఫోన్లో రికార్డు చేసి, ఆ రాత్రి లీకు గీతను పక్కన పెట్టి గంటల వారీగా పోల్చుకోండి, వాంగ్మూలంలో కక్ష ఎంతో తేలిపోతుంది. అన్నట్టు, హైదరాబాదు కమిషన్ నివేదికలో ఇంకో సూచన ఉంది. ఊపిరి ఇబ్బంది పడితే కింది దవడను ముందుకు నెట్టండి, గొంతు తెరుచుకుంటుంది అని. మిషన్ పడనివాళ్లకు దంతవైద్యులు ఇవాళ చేసిచ్చే దవడ పరికరం చేసేది ఆ పనే. ఇక సాక్షుల సంగతికొస్తే, ఆడవాళ్ల గురక విషయంలో వారి కొరత మరీ ఎక్కువ. వినాల్సిన మొగుడు అంతకంటే గట్టిగా పెడుతుంటాడు గనక వాళ్ల జబ్బు ఆలస్యంగా బయటపడుతుంది.

దండగ పార్టీలో చదువుకున్నవాళ్లు ఒక పెద్ద అధ్యయనం తీసుకొస్తారు. 2016లో న్యూ ఇంగ్లండ్ జర్నల్‌లో వచ్చింది. మన దేశంతో కలిపి ఏడు దేశాలు, అప్పటికే గుండె జబ్బో పక్షవాతమో ఉన్న 2,717 మంది. సీప్యాప్ వల్ల మళ్లీ గుండెపోట్లు, పక్షవాతాలు తగ్గినట్టు తేలలేదు. చూశారా అంటారు. చూశాం. అదే అధ్యయనంలో గురకా, పగటి కునుకూ తగ్గాయని కూడా ఉంది, అందులోని వాళ్లు మాస్కు పెట్టుకున్నది రాత్రికి సగటున 3.3 గంటలని కూడా ఉంది. అంటే సగం రాత్రి మాస్కు మేకుకు వేలాడింది. మేకుకు వైద్యం చేసి మనిషికి నయం కాలేదంటే ఎలా? గురక వినిపిస్తోందని విసుగెత్తి మాస్కు తీసేసేవాళ్లు ఆ 3.3ని ఇంకా కిందికి లాగేవాళ్లే.

మూడో పార్టీ ఒకటుంది, చిన్నదే గానీ ప్రమాదకరమైనది. గురక అంటే ఒత్తిడి చాలలేదని నువ్వే అన్నావు కదా, ఫ్యాన్ రెగ్యులేటర్ తిప్పినట్టు మేమే తిప్పుకుంటాం అంటుంది. యూట్యూబులో ఆ రహస్య మెనూ తెరిచే విధానం కూడా దొరుకుతుంది. కానీ లీకు వల్ల వచ్చే గురకకు ఒత్తిడి పెంచితే లీకే పెరుగుతుంది. గాలి కడుపులోకి పోయి తెల్లారేసరికి పొట్ట ఉబ్బుతుంది. కొందరిలో మెదడే ఊపిరి తీసుకోమని చెప్పడం మానేసే ఇంకో రకం ఆప్నియా మొదలవుతుంది. దీనికంటే డిజరీడూ నేర్చుకోవడం నయం. హాస్యానికి అనడం లేదు. 2006లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో స్విస్ వైద్యులు 25 మందితో చేసిన ప్రయోగం అచ్చయింది. ఆస్ట్రేలియా ఆదివాసుల ఆ పొడవాటి ఊదే వాద్యాన్ని నాలుగు నెలలు సాధన చేసినవాళ్లకు పగటి మగత తగ్గింది, పక్కవాళ్లకు నిద్రాభంగం తగ్గింది. 2017లో దానికి, నవ్వించే పరిశోధనలకిచ్చే ఇగ్ నోబెల్ ఇచ్చారు, అదీ శాంతి బహుమతి. ఆ సాధన కోసం మధ్యాహ్నాలు అపార్టుమెంటులో ఏం జరిగిందో బహుమతి సంఘం విచారించినట్టు లేదు. మన నాదస్వరం కూడా దమ్ము పట్టి ఊదేదే. ఎవరైనా పరీక్షించదలిస్తే పై ఫ్లాటు వాళ్ల సంతకం ముందే తీసుకోవడం మంచిది. ఒకమాట మాత్రం గుర్తుండాలి, ఆ ప్రయోగంలోని వాళ్లవి మధ్యరకం కేసులు. గంటకు 40 సార్లు ఊపిరి ఆగేవాడు వాద్యం కొని మిషన్ అమ్మేయకూడదు.

చేయాల్సింది ఇంతకంటే చప్పగానే ఉంటుంది. మిషన్‌లోని కార్డు, ఫోన్లోని రికార్డింగు, వాడుతున్న మాస్కు, వాటితోపాటు పక్కన పడుకునే మనిషి, ఈ నాలుగూ డాక్టరు గదిలోకి ఒకేసారి వెళ్లాలి. మొదటి మూడూ సంచిలో పడతాయి. నాలుగోవారిని మాత్రం, బయట కుర్చీలో కూర్చో, ఎంతసేపు, అయిదు నిమిషాలే కదా అని వదిలేసి వెళ్తారు. లోపల డాక్టరు అడిగే మొదటి ప్రశ్న, “ఇప్పుడు గురక ఎలా ఉందండీ?” ఇంట్లో ఆ గురకను ఒక్కనాడూ వినని మనిషి ఒక్కడే. ఆయన కళ్లజోడు సర్దుకుని, చాలా నమ్మకంగా, “అస్సలు లేదండీ” అంటాడు.