‘కమింగ్ సూన్’ మేడమ్

టోలిచౌకి ఫ్లైఓవర్ దిగి షేక్‌పేట వైపు వెళ్లే దారుల్లో ఏ ప్రైవేటు బడిలో అడుగుపెట్టినా ఈ లైబ్రరీ మేడమ్ లాంటివారు ఒకరు తగులుతారు. పోల్చుకోవడం సులువే. ఒక చేతిలో ఇష్యూ రిజిస్టరు, రెండో చేతిలో ఫోను, బీరువాకి ఆనించి ఒక రింగ్ లైటు. అక్కణ్నుంచి కొండెక్కితే ఫిల్మ్‌నగర్, రామానాయుడు స్టూడియో. పైన వీచే గాలి కిందికి దిగకుండా ఉంటుందా? అందుకే ఈవిడ లైబ్రరీలోకి కొత్త పుస్తకం ఊరికే రాదు. సోమవారం అట్టలో ఓ మూల కనబడేలా ‘ఫస్ట్ లుక్’, బుధవారం బొమ్మల పేజీలు గబగబా తిరిగే ‘గ్లింప్స్’, శుక్రవారం ‘గ్రాండ్ రిలీజ్’. పుస్తకానికి అట్ట వేసి, నంబరు రాయడం ఆలస్యమైతే ‘కమింగ్ సూన్’ అన్న పోస్టరొకటి. ఆ పోస్టరు ఒక్కోసారి పరీక్షల దాకా అలాగే ఉంటుంది.

రీల్ తీసేటప్పుడు చూడాలి ఈవిడని. అట్టడుగు అరలో పాత చందమామల బైండు దొరికింది. చివర అతికించిన గడువు చీటీ మీద ఆఖరి ముద్ర 2011 నాటిది. ఇంకో లైబ్రేరియనైతే నిట్టూర్చేవారు, ఈవిడ కళ్లు మెరిశాయి. 2022 ఆగస్టు 9న మహేశ్‌బాబు పుట్టినరోజని ‘పోకిరి’ని మళ్లీ వేస్తే జనం హాళ్ల మీద ఎగబడ్డారు. ఆ తర్వాత పాత సినిమాలన్నీ రీ-రిలీజులకి వరసకట్టాయి. పోకిరికో న్యాయం, 1947లో పుట్టిన చందమామకో న్యాయమా?

ఆయమ్మ చేతికి ఫోనొచ్చింది. “ఇట్ల పట్టుకుంటే సాలునా మేడమ్?” “కొంచెం పైకమ్మా, నా నీడ పడుతోంది.” మేడమ్ తేదీ ముద్రని ఇంకు ప్యాడు మీద అద్ది ఠప్పున కొట్టారు. ముద్ర తలకిందులు. రెండో టేకులో గంట మోగింది. మూడో టేకులో ఓ పిల్లాడు తలుపు తోసి, “మేడమ్, వాష్‌రూమ్” అన్నాడు. నాలుగోది ఓకే. కాకపోతే ఆ చీటీ ప్రకారం, పద్నాలుగేళ్లు ఎవరూ ముట్టని బైండుని ఒక్క పూటలో నలుగురు పట్టుకెళ్లినట్టు లెక్క తేలింది.

ఇందులో అసలు తిరకాసు వేరే ఉంది. ఇన్‌స్టాగ్రామ్‌లో ఖాతా తెరవడానికి 13 ఏళ్లు నిండాలి. అంటే ఆరో తరగతి పిల్లల కోసం పెట్టిన పేజీని ఆరో తరగతి పిల్లలే ఫాలో కాకూడదు. ఫాలో అయ్యేది వాళ్ల అమ్మలు, నాన్నలు, దుబాయ్‌లో ఉన్న బాబాయిలు. పైగా 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార చట్టం ఒకటుంది. 18 ఏళ్లలోపు వారి వివరాలు వాడుకోవాలంటే తల్లిదండ్రుల అనుమతి ఉండాలంటుంది. పిల్లల ముఖాలు చూపించకుండా పిల్లల లైబ్రరీకి ప్రచారం ఎలా చెయ్యాలి? మేడమ్‌కి దారి ఫ్రాన్స్‌లోని బోర్డో నగరంలో దొరికింది. అక్కడి మొల్లా పుస్తకాల దుకాణంవాళ్లు అట్ట మీది ముఖాన్ని మనిషి ముఖానికి సరిగ్గా అమరేలా అడ్డుపెట్టి ఫొటోలు తీసి లోకమంతా పేరు తెచ్చుకున్నారు. టోలిచౌకిలోనూ ఇప్పుడు తల గాంధీగారిది, యూనిఫాం ఏడో తరగతిది. చట్టానికీ తృప్తి, పిల్లలకీ పండగ.

అరలు సర్దడంలో మాత్రం ఈవిడని సమర్థించడం కష్టం. ఫొటోలో ఇంద్రధనుస్సులా కనబడాలని పుస్తకాలని రంగుల వారీగా పేర్చారు. లెక్కల గైడూ దయ్యాల కథలూ రెండూ నీలం కాబట్టి పక్కపక్కనే చేరాయి. (పిల్లలు తేడా ఏముందన్నారనుకోండి, అది వేరే సంగతి.) డ్యూయీ వర్గీకరణ పద్ధతిలో తెలుగు సాహిత్యానికి 894.827 అని ఓ నంబరుంది. ఆ నంబరు పుస్తకం వీపున బుద్ధిగా కూర్చునే ఉంది, దాని మొహం చూసేవాళ్లే లేరు. “మేడమ్, తెనాలి రామకృష్ణ హై క్యా?” అని ఓ కుర్రాడు అడిగితే, “ఏ రంగు నాన్నా?” అన్నది ఆవిడ జవాబు.

“ఇది బడా, ప్రీ-రిలీజ్ ఫంక్షనా?” అని ప్రిన్సిపాల్ విసుక్కున్నప్పుడల్లా మేడమ్ న్యూయార్క్ పబ్లిక్ లైబ్రరీని సాక్ష్యానికి తెస్తారు. ఆ లైబ్రరీ 2018 ఆగస్టులో ‘ఇన్‌స్టా నావెల్స్’ పేరుతో ఇన్‌స్టాగ్రామ్ స్టోరీల్లోనే పుస్తకాలు చదివించింది. మొదటిది ‘ఆలిస్ ఇన్ వండర్‌లాండ్’. అంత దూరం పోనక్కర్లేదు గానీ, ఆవిడకి ఇంటి సాక్ష్యం తెలియదు. మన గ్రంథాలయోద్యమం మాత్రం నోరు కట్టుకుని నడిచిందా? 1914 ఏప్రిల్ 10న బెజవాడలో అయ్యంకి వెంకటరమణయ్య పూనికతో ఆంధ్రదేశ గ్రంథాలయాల ప్రతినిధులు సభ చేశారు. 1935లో పాతూరి నాగభూషణం పుస్తకాలని పడవకెక్కించి కొల్లిపర, పెదవడ్లపూడి మధ్య కాలువ మీద తిప్పారు. జనం గట్టు మీదుంటే పడవ గట్టుకి వెళ్లింది. ఇప్పుడు జనం ఫోన్లో ఉన్నారు, మేడమ్ అక్కడికి వెళ్లారు. అందులో తప్పు పట్టడానికేమీ లేదు.

వెళ్లాక ఏం జరిగిందన్నదే లెక్క. పడవలో పుస్తకం ఉండేది, చెయ్యి చాస్తే దొరికేది. ఇక్కడ రీల్ చూసిన పిల్లలు లైబ్రరీ పీరియడ్‌కి పరుగెత్తుకొస్తారు, ఉన్నది ఒక్క కాపీ. మేడమ్ తడుముకోకుండా ‘హౌస్‌ఫుల్’ బోర్డు ఫొటో తీసి పెడతారు. సర్కారు బడులకైతే సమగ్ర శిక్ష కింద స్థాయిని బట్టి 5,000 నుంచి 20,000 రూపాయల దాకా లైబ్రరీ గ్రాంటు ఉంది. ప్రైవేటు బడి మేడమ్‌కి ఉన్నవి హృదయం గుర్తులు. వాటికి అబిడ్స్‌లో ఏ దుకాణదారూ పుస్తకమివ్వడు.

ఇదే ఊళ్లో ఆకర్షణ సతీష్ అనే బడిపిల్ల క్యాన్సర్ ఆస్పత్రిలో పిల్లలు రంగులు వేసుకునే పుస్తకాలు అడిగారని తోటి విద్యార్థుల దగ్గర, ఇరుగుపొరుగు ఇళ్లలో పుస్తకాలు పోగుచేయడం మొదలెట్టింది. 2023 సెప్టెంబరులో ప్రధాని ‘మన్ కీ బాత్’లో ఆమె గురించి చెప్పేనాటికి ఏడు గ్రంథాలయాలు, దాదాపు ఆరు వేల పుస్తకాలు. మేడమ్ ఆ వార్తని స్టోరీలో పెట్టారు. ఓ సాయంత్రం తీరిగ్గా చదివారు కూడా. మర్నాటి పోస్టులో పాట లేదు, గ్లింప్స్ లేదు. లైబ్రరీలో లేని పుస్తకాల జాబితా తెలుగులో, ఉర్దూలో, ఇంగ్లిషులో ఉంది. దానికి లైకులు బాగా తగ్గాయి. బడి గేటు దగ్గర వాచ్‌మన్ బల్ల మీద మాత్రం రెండు సంచులు చేరాయి.

ఒక సంచిలో బొమ్మల కథలు, రెండోదాంట్లో పాత ఎంసెట్ గైడ్లు, ఓ టెలిఫోన్ డైరెక్టరీ. కాబట్టి ఆ పేజీ ఫాలో అయ్యే తల్లిదండ్రులకి మనవి: మీ పిల్లలు చదివేసిన కథల పుస్తకాలు, అట్ట ఊడినవైనా సరే, పంపండి. డైరెక్టరీలు వద్దు.